కొత్త టీవీలో మాటలు వినపడవు, పాటొస్తే ఇల్లదిరిపోతుంది: తప్పు టీవీదా, చెవులదా?

రాజమండ్రి నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. కొత్తగా 55 అంగుళాల టీవీ కొన్నారు. ఓటీటీలో సినిమా పెడితే మాటలు గుసగుసల్లా ఉంటున్నాయి. సరే అని వాల్యూమ్ పెంచితే అంతలోనే ఫైటో పాటో వచ్చి చెవులు చిల్లులు పడుతున్నాయి. రిమోట్ చేతిలోంచి దించడానికి లేదు. వాళ్ల మామగారికి 70 దాటాయి. "నాకు చెవుడొచ్చేసిందమ్మా, మీరు చూసుకోండి" అని టీవీ ముందు కూర్చోవడమే మానేశారట. టీవీ మార్చాలా, సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్) కొనాలా, ఆయన్ని డాక్టరుకి చూపించాలా అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తానండీ. టీవీ పాడవలేదు, మార్చక్కర్లేదు. సౌండ్‌బార్ కూడా ఇప్పుడే కొనకండి. మామగారికి చెవి పరీక్ష చేయించడం మంచిదే, దాని సంగతి చివర్లో చెప్తాను. కానీ ఆయన ఒక్కరికే కాదు కదా, మీకూ వినపడటం లేదంటున్నారు. అంటే చిక్కు చాలావరకు సౌండ్ మీ టీవీకి వస్తున్న తీరులో ఉంది. ఈ సాయంత్రం ఒక పావుగంట కేటాయించి ఈ పనులు చేయండి.

మొదటిది, యాప్‌లో సినిమా మొదలుపెట్టాక ఆడియో అన్నచోట చూడండి. తెలుగు రెండుసార్లు కనిపిస్తే, ఒకదాని పక్కన 5.1 అనో అట్మాస్ అనో ఉంటే, అది లేని రెండోదాన్ని ఎంచుకోండి. రెండోది, టీవీ సౌండ్ సెట్టింగుల్లో సరౌండ్, వర్చువల్, 3డీ అని ఏది కనిపించినా ఆపేయండి. మూడోది, మాటను పైకి తెచ్చే మోడ్ వేయండి. ఎల్జీలో క్లియర్ వాయిస్ అనీ, శాంసంగ్‌లో యాంప్లిఫై అనీ, సోనీలో వాయిస్ జూమ్ అనీ ఉంటుంది. మోడల్‌ని బట్టి పేరు కాస్త మారుతుంది. నాలుగోది, ఆటో వాల్యూమ్, నైట్ మోడ్, వాల్యూమ్ లెవెలర్ లాంటి పేరుతో ఉన్నదాన్ని ఆన్ చేయండి. పెద్ద శబ్దాన్ని కిందికి, చిన్న శబ్దాన్ని పైకి తెచ్చేది అదే. మీ రిమోట్ కాపలా సగం తగ్గేది దీనితోనే.

ఈక్వలైజర్ (బొంగురు శబ్దాన్నీ సన్నటి శబ్దాన్నీ విడివిడిగా పెంచి తగ్గించేది) ఉంటే అందులో చాలా టీవీలకు ఐదు గీతలుంటాయి: 100, 300, 1 కే, 3 కే, 10 కే అని. ఇవి హెర్ట్జ్ లెక్కలు, కే అంటే వెయ్యి; అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. 100 దగ్గరున్నది రెండు మూడు మెట్లు దించండి, 3 కే దగ్గరున్నది రెండు మెట్లు ఎత్తండి. మిగతావి ముట్టుకోవద్దు. 10 కే కూడా ఎత్తేస్తే మాట స్పష్టంగా ఉన్నట్టే అనిపిస్తుంది గానీ అరగంటకు తలనొప్పి వస్తుంది.

ఇక ఎందుకిలా అంటే చెప్తాను. నేను హైదరాబాదులో సినిమాలకు సౌండ్ మిక్సింగ్ చేస్తాను. డబ్బింగ్‌లో రికార్డు చేసిన మాటలు, ఎఫెక్ట్స్, ఆర్‌ఆర్ (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం), పాటలు అన్నీ విడివిడిగా మా దగ్గరికి వస్తాయి. వాటిని ఒకదానికొకటి అడ్డం రాకుండా కలపడం నా పని. చాలా ఏళ్లుగా ఇదే పని కాబట్టి, ఇంట్లో మాట వినపడలేదని ఎవరన్నా అంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఒక రచయిత నెలల తరబడి కూర్చుని రాసిన మాట, ఒక నటుడు ప్రాణం పెట్టి చెప్పిన మాట, చివరి పది అడుగుల దూరం దాటలేక టీవీలోనే ఆగిపోతోంది.

సినిమాని మేం కలిపేది థియేటర్ కోసం. మిక్సింగ్ హాలే ఒక చిన్న థియేటర్‌లా ఉంటుంది. తెర వెనక ఎడమ, మధ్య, కుడి స్పీకర్లు, పక్క గోడలకు సరౌండ్‌లు, కింద దడదడలాడే బాస్ కోసం సబ్‌వూఫర్. ముందున్న ఒక్కో స్పీకర్‌నీ 85 డెసిబెల్స్‌కి (శబ్దం ఎంత పెద్దదో కొలిచే లెక్క) సరిచూసి పెడతారు. ఆ స్థాయిలో, గోడలన్నీ శబ్దం పీల్చుకునేలా కట్టిన హాల్లో, నాయిక పెదవి కదిపీ కదపకుండా అన్న మాట కూడా చివరి వరుసలో స్పష్టంగా వినపడుతుంది. అదే హాల్లో బాంబు పేలితే కుర్చీ అదరాలి. గుసగుసకీ పేలుడుకీ మధ్య ఎంత దూరం ఉంటే థియేటర్లో అంత మజా. దాన్నే మేం డైనమిక్ రేంజ్ అంటాం.

ఇంట్లో ఆ దూరానికి చోటు లేదు. మనం ఇంట్లో మామూలుగా మాట్లాడుకునేది 60 డెసిబెల్స్ చుట్టుపక్కల. పైన ఫ్యాను తిరుగుతుంటుంది, వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తుంది, వీధిలో బండ్లు. గుసగుస ఆ రొదలో మునిగిపోతుంది. గుసగుస వినపడేలా వాల్యూమ్ పెడితే పేలుడికి పక్కింటివాళ్లు తలుపు కొడతారు. మీ చెయ్యి రిమోట్ మీద నుంచి కదలకపోవడానికి కారణం ఇదే.

రెండో కారణం ఇంకా ముఖ్యం, చాలామందికి తెలియదు. సినిమాలో మాట దాదాపు అంతా మధ్య స్పీకర్లోనే పెడతాం. ఆర్‌ఆర్, పాటలు ఎడమకీ కుడికీ పరుస్తాం. జనం అరుపులు, వాన హోరు వెనక్కి పంపుతాం. దేని చోటు దానికుంటుంది కాబట్టి చెవి సులువుగా విడదీసుకుంటుంది. మీ టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు. యాప్ నుంచి 5.1 ట్రాక్, అంటే ఐదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కీ కలిపి ఆరు దారులున్నది వస్తే టీవీ దాన్ని రెండుగా మడవాలి. ఆరు గదుల్లో సర్దుకున్న సామాను రెండు గదుల్లో కుక్కినట్టు అన్నమాట. మామూలు లెక్క ప్రకారం మధ్య ట్రాక్‌ని 3 డెసిబెల్స్ తగ్గించి రెండువైపులా పంచుతారు. సరౌండ్‌ని కూడా తగ్గించి అందులోనే కలుపుతారు. ఆర్‌ఆర్ మాత్రం ఉన్నచోటే, ఉన్నంతే ఉంటుంది. ఇప్పుడు మాట, వాయిద్యాలు, వాన హోరు అన్నీ ఒకే మూతిలోంచి రావాలి. ఏది ముందు నలిగిపోతుందో చెప్పక్కర్లేదు.

అందుకే 5.1 అని లేని రెండోదాన్ని, అంటే రెండు స్పీకర్ల కోసం ఉన్న స్టీరియో ట్రాక్‌ని ఎంచుకోమన్నాను. ఆ ట్రాక్‌ని సాధారణంగా ఒక మనిషి విని, రెండు స్పీకర్లలో ఎలా ఉందో చూసి ఇచ్చి ఉంటాడు. టీవీ లోపలి చిప్ లెక్కగట్టి మడిచినదానికీ దీనికీ తేడా మొదటి సంభాషణలోనే తెలిసిపోతుంది. మీరు యాప్‌ల కోసం టీవీకి గుచ్చే స్టిక్ గానీ సెట్‌టాప్ బాక్స్ గానీ వాడుతుంటే దాని సెట్టింగుల్లో కూడా డిజిటల్ అవుట్‌పుట్ అనో సరౌండ్ సౌండ్ అనో ఒకటుంటుంది. అక్కడ పీసీఎం (సాదా ఆడియో) గానీ స్టీరియో గానీ పెట్టండి. ఆటో అని ఉంచితే టీవీకి రెండు స్పీకర్లే ఉన్నా కొన్ని పెట్టెలు 5.1 పంపేస్తూ ఉంటాయి.

ఇక టీవీ సంగతి. పాత డబ్బా టీవీలు గుర్తున్నాయా? తెరకు పక్కనే జాలీ, దాని వెనక స్పీకరు, నేరుగా మన ముఖం వైపు. బొమ్మ ఎలా ఉన్నా మాట మాత్రం గంట కొట్టినట్టు వినపడేది. ఇప్పటి టీవీ వేలెడు మందం కూడా ఉండదు. స్పీకర్లు కింది అంచులో నేల వైపు చూస్తుంటాయి, కొన్నింట్లో వెనక గోడ వైపు. శబ్దం ముందు గోడకో టేబుల్‌కో తగిలి, అక్కణ్ణించి మీ దగ్గరికి రావాలి. పైగా మన ఇళ్లలో మార్బులో టైల్సో నేల, సున్నం గోడలు, మధ్యలో ఒక గాజు టీపాయ్. ఎక్కడా మెత్తటి వస్తువు ఉండదు. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. "టప్" అని ఆగిపోతే పర్వాలేదు. "టప్‌ర్‌ర్" అని తోక లాగిందంటే మాట కూడా అలాగే తోక లాగుతుంది, ఒక అక్షరం మీద ఇంకో అక్షరం పడుతుంది.

విజయవాడలో మా బంధువుల ఇంట్లో సరిగ్గా ఇదే సమస్య. మంచి టీవీ, షోకేస్ అరలో గోడకు ఆనించి బిగించారు. నేను ముందు సెట్టింగుల జోలికి పోలేదు. టీవీని అరలో జానెడు ముందుకు లాగించి, కింద పరిచిన గాజు పలక తీయించాను. బీరువాలో మడిచి పెట్టిన పెద్ద జంపఖానా తెచ్చి టీవీకీ సోఫాకీ మధ్య పరిపించాను. కిటికీలకు పల్చటి తెరలుంటే వాటి వెనక ఇంట్లోనే ఉన్న మందపాటివి వేయించాను. పెద్దావిడ సీరియల్ పెట్టుకుని వాల్యూమ్ తగ్గించమన్నారు. అప్పటిదాకా ఆవిడ పెంచమనడమే గానీ తగ్గించమనడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఒక్క రూపాయి ఖర్చు లేదు. మీ ఇంట్లో కూడా ఇది చేయండి. మామగారి కుర్చీని తెరకు కాస్త దగ్గరగా, ఎదురుగా వేయండి. పక్కవాటుగా కూర్చుంటే మాటలోని పదును సగం పోతుంది. సినిమా చూసేటప్పుడు ఫ్యాను ఒక పాయింటు తగ్గించండి.

ఛానెల్‌కి 20 సరిపోతుంది, యాప్‌కి 45 పెట్టినా చాలదు, ఎందుకని? ఈ ప్రశ్న కూడా చాలామంది అడుగుతారు. శబ్దం సగటు, పట్టగల గరిష్ఠానికి ఎన్ని డెసిబెల్స్ కింద ఉండాలన్నదానికి ఒక్కో చోట ఒక్కో లెక్కుంది. యూరప్ ప్రసారాలకు మైనస్ 23, అమెరికా టీవీకి మైనస్ 24. నెట్‌ఫ్లిక్స్ తమకు ఇచ్చే మిక్స్‌లో మాటల సగటు మైనస్ 27 దగ్గర ఉండాలంటుంది. అంకె కిందికి పోయేకొద్దీ సగటు చిన్నదవుతుంది, దానికి బదులు పైన పేలుళ్లకు ఎక్కువ చోటు మిగులుతుంది. లెక్క తప్పు కాదు. కానీ టీవీ ఛానెల్ నుంచి యాప్‌లోకి మారగానే మాట ఒక్కసారిగా చిన్నబోయినట్టు అనిపించడానికి ఇదొక కారణం. వాల్యూమ్ అంకె పెద్దదైందని కంగారు పడకండి. అది పాలూ నీళ్ల కొలత కాదు, అవసరమైనంత పెట్టుకోవచ్చు.

ప్రకటనల గోల ఇంకొక రకం. సీరియల్ నడుస్తుంటే బాగానే ఉంటుంది, బ్రేక్ రాగానే సబ్బు ప్రకటన మీదపడి అరుస్తుంది. ప్రకటన అత్యధిక శబ్దం సీరియల్ అత్యధిక శబ్దాన్ని దాటకపోవచ్చు. కానీ అందులో ఒక్క క్షణం కూడా నెమ్మదిగా ఉండకుండా మొత్తం పిండి, ఒత్తి, పైకప్పుకు ఆనించి పెడతారు. మన చెవి గోలని కొలిచేది సగటుతో, అందుకే అరిచినట్టుంటుంది. మన దేశంలో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్ 1994లో, ప్రకటనల్లో శబ్దం మితిమీరి ఉండకూడదని 7వ నిబంధనలోనే ఉంది. అమెరికాలో దీనికోసం 2010లో ప్రత్యేకంగా చట్టమే చేశారు, 2012 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మన దగ్గర నిబంధన కాగితం మీద ఉంది, ఇళ్లలో మాత్రం పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తూనే ఉన్నారు. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఆటో వాల్యూమ్ వేసుకుంటే మీవరకు కొంత ఉపశమనం.

ఇప్పుడు మా వైపు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అంతా టీవీ మీదా ఇంటి మీదా తోసేస్తే అన్యాయం. మన తెలుగు సినిమాల్లో ఎక్కువ శాతం మాటలు డబ్బింగ్ థియేటర్లో మైకు దగ్గర చెప్పినవే. అంటే మా చేతికి వచ్చేసరికి మాట శుభ్రంగా ఉంటుంది. షూటింగులోనే సౌండ్ తీసే సినిమాల్లో జనరేటర్ రొద, గాలి, బట్టల గలగల ఉంటాయి, అది వేరే తలనొప్పి. డబ్బింగ్ సినిమాల్లో ఆ ఇబ్బంది లేదు. అయినా మాట వినపడటం లేదంటే దాని మీద ఇంకేదో కూర్చుంది. చాలాసార్లు అది ఆర్‌ఆర్.

కథానాయకుడు నడుచుకుంటూ వస్తాడు, తిరిగి చూస్తాడు, ఒక మాట అంటాడు. ఆ మాట కింద డ్రమ్ములు, కోరస్, బ్రాస్, సబ్‌లో దడదడ, అన్నీ ఒకేసారి. థియేటర్లో మొదటి రోజు ఈలల మధ్య అది పనిచేస్తుంది, పూనకం వస్తుంది. కాదనను, నాకూ ఇష్టమే. కానీ అలాంటి సన్నివేశాల తర్వాత ఆస్పత్రిలో తల్లి మంచం మీద అనే మాట కింద కూడా తీగ వాయిద్యాలన్నీ పొంగించి పెడితే ఎలా? ఆ మాట దానంతట అదే ఏడిపిస్తుంది, దానికి తోడు అక్కర్లేదు.

మిక్సింగ్ గదిలో ఇంకో చిక్కుంది. దర్శకుడు, ఎడిటర్, సంగీత దర్శకుడు, అందరూ ఆ డైలాగుని స్క్రిప్ట్ నుంచి ఎడిటింగ్ దాకా లెక్కలేనన్నిసార్లు విని ఉంటారు. వాళ్లకి అది కంఠతా వచ్చు. మాట సగం మునిగిపోయినా వాళ్ల మెదడు మిగతా సగాన్ని పూరించుకుంటుంది, వినపడిందనే అనుకుంటారు. "ఆర్‌ఆర్ ఇంకొంచెం లేపండి, డైలాగ్ తెలుస్తోంది కదా" అంటారు. అప్పుడు నేను టీ తెచ్చే కుర్రాణ్ణి ఆపి ఆ ముక్క వేసి వినిపిస్తాను. "ఏమన్నాడు రా?" అని అడుగుతాను. ఒకసారి ఒక విలన్ డైలాగ్ వేస్తే ఆ కుర్రాడు, "ఊరు వదిలి పొమ్మంటున్నాడు సార్" అన్నాడు. అసలు డైలాగ్ "ఊరు వదిలి పోను". గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దర్శకుడే లేచి "ఆర్‌ఆర్ దించండి" అన్నారు.

ఆ కుర్రాడు పొరపడటంలో వింత లేదు. మన వాక్యంలో అసలు సంగతంతా చివర్లో ఉంటుంది. వస్తాను, రాను, వచ్చాడు, రాలేదు. ఎవరు, ఎప్పుడు, అవునా కాదా, అన్నీ చివరి రెండు అక్షరాల్లో తేలతాయి. నటులేమో వాక్యం చివరికి వచ్చేసరికి ఊపిరి తగ్గి గొంతు దించుతారు, అది సహజం. సరిగ్గా అక్కడే ఆర్‌ఆర్‌లో తర్వాతి దెబ్బ పడుతుంది. అందుకని నేను ప్రతి ముఖ్యమైన వాక్యం చివర ఫేడర్ (స్థాయి పెంచే తగ్గించే మీట) మీద వేలు పెట్టి, ఆఖరి అక్షరాలని కొంచెం పైకి ఎత్తుతాను. చూసేవాళ్లకి తెలియదు. తెలియకూడదు కూడా.

పాత సినిమాల్లో ఇంత స్పష్టంగా ఎలా వినపడేదని నా తోటివాళ్లు కూడా అడుగుతుంటారు. 1957 నాటి మాయాబజార్ ఈరోజు ఫోన్లో పెట్టినా ఒక్క మాట జారిపోదు. అప్పుడు ఫిల్ము అంచున ఒకే ఒక్క సౌండ్ ట్రాక్. అందులో పట్టే శబ్దం తక్కువ, పై స్థాయులు కత్తిరించుకుపోయేవి, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య దూరం బాగా తక్కువ. చోటు తక్కువ కాబట్టి మాట వస్తే సంగీతం తప్పుకోవాల్సిందే, వేరే దారి లేదు. నటులు చాలామంది నాటక రంగం నుంచి వచ్చినవాళ్లు, చివరి అక్షరం దాకా నొక్కి పలికే అలవాటు. ఆ రోజులే మళ్లీ రావాలని నేననను. ఈరోజు వానని తలమీద కురిపించగలుగుతున్నాం, అది గొప్ప సంగతే. కానీ మాటకు దారివ్వాలన్న ఆ కట్టుబాటు మాత్రం వదులుకోకూడనిది.

దీనికి పరిష్కారం మా దగ్గర ఉంది. థియేటర్ మిక్స్ అయ్యాక, చిన్న గదిలో, చిన్న స్పీకర్ల దగ్గర కూర్చుని ఇంటికోసం మళ్లీ ఒక మిక్స్ చేయాలి. నియర్‌ఫీల్డ్ మిక్స్ అంటారు. పేలుళ్లు దించి, గుసగుసలు ఎత్తి, ఆర్‌ఆర్‌ని మాట కిందికి తెచ్చి, చివరగా ఒక మామూలు టీవీలో వేసి వింటాం. ఓటీటీ సంస్థలు సొంతంగా తీయించుకునే వాటికి దీన్ని అడుగుతాయి. థియేటర్ నుంచి వచ్చే సినిమాల దగ్గరే తేడా. విడుదల ముందురోజు రాత్రి దాకా థియేటర్ కాపీ మీదే పని నడుస్తుంది. ఆ తర్వాత అందరూ అలిసిపోయి ఉంటారు, ఓటీటీకి ఇవ్వాల్సిన తేదీ నెత్తిమీద ఉంటుంది. థియేటర్ మిక్స్‌నే మొత్తంగా కొంత స్థాయి తగ్గించి పంపేసిన సందర్భాలున్నాయి. స్థాయి తగ్గిస్తే మాట కూడా తగ్గుతుంది కదా, దూరం అలాగే ఉంటుంది. నిర్మాతలకు నేను ప్రతిసారీ చెప్పేది ఒకటే: సినిమా థియేటర్లో ఆడేది కొన్ని వారాలు, ఇళ్లలో ఆడేది ఏళ్ల తరబడి. కోట్లు పెట్టి తీసినదాన్ని మాట వినపడేలా ఇంటికి చేర్చడానికి అయ్యే ఖర్చు అందులో లెక్కలోకి కూడా రాదు.

వేరే భాషల నుంచి తెలుగులోకి డబ్ చేసినవి మీకు ఇంకొంచెం స్పష్టంగా వినపడితే ఆశ్చర్యపోకండి. మాటలు లేని సంగీతం, ఎఫెక్ట్స్ ట్రాక్ మీద కొత్త గొంతులు పెట్టి కలుపుతారు, మాటని పైకి పెట్టే అలవాటు అక్కడ ఎక్కువ. పెదవులకు సరిపెట్టడానికి తొందరగా చెప్పించేస్తే మాత్రం అదీ పోతుంది.

సౌండ్‌బార్ కొనాలా? పైన చెప్పినవన్నీ చేసి రెండు మూడు సినిమాలు చూశాక కూడా ఇబ్బందిగా ఉంటే కొనండి. కొనేటప్పుడు వాట్లు చూసి మోసపోవద్దు. పెట్టె మీద 2.1 అని ఉంటే ఎడమ, కుడి, ఒక సబ్‌వూఫర్ అని అర్థం. మాటకు విడిగా స్పీకర్ లేదు. 3.1 అని ఉంటే మధ్య స్పీకర్ ఉన్నట్టు, మీకు కావలసింది అది. దుకాణంలో అమ్మేవాళ్లు మీకు తప్పకుండా ఫైటు సీనో పాటో వేసి వినిపిస్తారు. ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే సన్నివేశం వేయమనండి, అదీ తక్కువ వాల్యూమ్‌లో. అక్కడ వినపడితే ఇంట్లోనూ వినపడుతుంది. ఇంటికి తెచ్చాక సబ్‌వూఫర్‌ని మూలలో పెట్టొద్దు, మూలలో బాస్ రెట్టింపై మాటని మింగేస్తుంది. దాని స్థాయి సగానికి తగ్గించండి. పిల్లలు ఒప్పుకోరు గానీ మామగారికి అదే మేలు. సౌండ్‌బార్‌కి మధ్య స్పీకర్ ఉంటే అప్పుడు మాత్రం పీసీఎం తీసేసి ఆటోకి మార్చండి, 5.1 ట్రాక్ పెట్టుకోండి. ఇప్పుడు మాటకు దాని చోటు దానికి దొరికింది కాబట్టి ముందు చెప్పిన సలహా తిరగబడుతుంది.

ప్రైమ్ వీడియోలో డైలాగ్ బూస్ట్ అని 2023లో ఒక సదుపాయం తెచ్చారు, మాటని విడిగా పైకి ఎత్తుతుంది. అన్ని సినిమాలకూ ఉండదు. మీరు చూసేదానికి ఆడియో మెనూలో కనిపిస్తే మీడియం పెట్టి చూడండి.

ఇక మీ మామగారి సంగతి. ఆయన "చెవుడొచ్చింది" అని పక్కకు తప్పుకోవడం ఈ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది. వయసుతో పాటు ముందు తగ్గేది సన్నటి శబ్దాల వినికిడి. మాటలో అచ్చుల బలమంతా కింది స్థాయుల్లో ఉంటుంది, అవి ఆయనకు బాగానే వినపడతాయి. హల్లుల్ని విడదీసేది ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య. అక్కడ తగ్గితే తల, కల, వల అన్నీ ఒకేలా వినపడతాయి. అందుకే పెద్దవాళ్లు "వినపడుతోంది గానీ ఏమంటున్నారో తెలియడం లేదు" అంటారు. వాల్యూమ్ ఎంత పెంచినా అచ్చులు ఇంకా గట్టిగా అరుస్తాయే తప్ప హల్లులు రావు. 3 కే దగ్గర గీత ఎత్తమన్నది దీనికోసమే.

ఒక ఇఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ చేయించండి. గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టి చిన్న చిన్న శబ్దాలు వినిపిస్తారు, వినపడినప్పుడు చెయ్యెత్తాలి, అంతే. నొప్పీ సూదీ ఏమీ ఉండదు. ముందు చెవిలో గులిమి ఉందేమో చూపించండి. కొంతమంది పెద్దవాళ్లకు అది తీయించగానే తేడా తెలుస్తుంది. వినికిడి యంత్రం అవసరమని చెప్తే, టీవీ శబ్దాన్ని నేరుగా యంత్రంలోకి పంపే పరికరాలు ఉంటాయి, అడగండి.

యంత్రం దాకా అవసరం లేకపోతే చెవులపై కూర్చునే వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు ఇప్పించండి. టీవీ హెడ్‌ఫోన్లు అని విడిగా దొరుకుతాయి. సాధారణ బ్లూటూత్‌లో మాట పెదవుల కన్నా కాస్త ఆలస్యంగా రావచ్చు, అది ఆయన్ని విసిగిస్తుంది. కొనేముందు టీవీ స్పీకర్, హెడ్‌ఫోన్ రెండూ ఒకేసారి పనిచేస్తాయో లేదో మెనూలో చూసుకోండి. లేకపోతే ఆయన వింటుంటే మిగతా ఇంటిల్లిపాదీ మూగ సినిమా చూడాలి.

సబ్‌టైటిల్స్ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. మన సినిమాల్లో చాలావాటికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి, తెలుగు మాటలకు తెలుగు అక్షరాల్లో ఉండేవి అరుదు. వినికిడి తగ్గిన ఒక తెలుగు పెద్దాయన తెలుగు సినిమా చూడాలంటే ఇంగ్లీషు చదవాలి. ఇది సరికాదు. థియేటర్ల విషయంలో కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది, వినికిడి లోపం ఉన్నవాళ్లకు క్యాప్షన్ల లాంటి సదుపాయం ఉండాలని. ఇళ్లలో చూసే తెలుగు సినిమాకు తెలుగు క్యాప్షన్ కూడా మామూలు విషయం కావాలి. డైలాగ్ వెర్షన్ టైపు చేసిన ఫైలు ప్రతి సినిమాకీ మా దగ్గర ఉంటుంది. డబ్బింగ్ దానితోనే జరుగుతుంది. టైమింగ్ కలిపి ఇవ్వడం పెద్ద పని కాదు.

మామగారిని ఈ ఆదివారం కూర్చోబెట్టి, ఆయనకు బాగా తెలిసిన పాత సినిమా ఒకటి పెట్టి, రిమోట్ ఆయన చేతికే ఇవ్వండి. క్లియర్ వాయిస్ ఆన్, ఆఫ్ రెండూ వినిపించి ఏది హాయిగా ఉందో ఆయన్నే చెప్పమనండి. ఈక్వలైజర్ కూడా ఆయన చెవికి తగ్గట్టు పెట్టండి, మీ చెవికి కాదు. టీవీ మోడల్ నెంబరు వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. అదీ, మీరు వాడే బాక్స్ పేరూ ఇక్కడ రాస్తే మెనూలో ఏది ఎక్కడుందో చెప్తాను.